బలిద్వీప యాత్ర: నాలుగు దినాల ప్రణాళికకు వేయి సంవత్సరాల పూర్వరంగం

'తీర్థ' శబ్దానికి మూలం 'తౄ' ధాతువు. దాటించేది తీర్థం. కాలక్రమంలో ఆ పదం మనకు పుణ్యక్షేత్రమైంది, స్నానఘట్టమైంది, అర్చకుడు చేతిలో పోసే ఉద్ధరిణెడు జలమూ అయింది. బలిద్వీపవాసులు ఈ చివరి అర్థాన్నే గట్టిగా పట్టుకొన్నారు. తమ మతాన్ని వారు 'ఆగమ తీర్థ' అని వ్యవహరించిన కాలముంది. జననం మొదలు దహనం వరకు మంత్రపూతమైన జలం లేకుండా వారికి ఏ కర్మా పూర్తి కాదు. ఇటీవల మన తెలుగు కుటుంబాలు అనేకం నాలుగైదు దినాల విరామం దొరికితే చాలు, 'సంస్కృతీ దర్శనం, శరీరానికి విశ్రాంతి' అనుకొని ఆ ద్వీపానికి ప్రయాణమవుతున్నాయి. 2024లో అక్కడికి వెళ్ళిన విదేశీయుల సంఖ్య 63 లక్షలు. ద్వీప జనాభా 43 లక్షలకు కొంచెం ఎక్కువ. ఆతిథేయుల కంటె అతిథులు అధికమైన ఆ ఇంట అడుగు పెట్టేవారు ఇంటి చరిత్ర కొంత తెలిసి వెళ్ళడం మర్యాద. పైగా ఏ దినం ఎక్కడ గడపాలో ఆ చరిత్రే చెబుతుంది.

మొదటి దినాన్ని సానూర్‌కు కేటాయించమని నా సూచన. విమానాశ్రయానికి సమీపం, తరంగాలు శాంతం అన్నవి అందరూ చెప్పే కారణాలు. నా కారణం వేరు. ఆ తీరంలో బ్లాంజోంగ్ అనే చోట ఒక దేవాలయ ప్రాంగణంలో ఒక శిలాస్తంభం ఉంది. శకవర్షం 835, అనగా క్రీ.శ. 914లో శ్రీకేసరి వర్మదేవుడనే రాజు తన విజయాన్ని దానిపై చెక్కించాడు. అందులో రెండు భాషలు, రెండు లిపులు ఉన్నాయి. చిత్రమేమిటంటే సంస్కృత భాగం స్థానిక కవి లిపిలో, ప్రాచీన బలి భాషాభాగం ఉత్తరాది నాగరి లిపిలో ఉన్నాయి. ఆ కవి లిపికి మూలం దక్షిణాపథపు పల్లవ లిపి. భారతీయ సంస్కృతి అక్కడికి పెట్టెలో పెట్టి పంపిన సరకువలె చేరలేదు. వారు తీసుకొన్నారు, తమకు తోచిన రీతిలో తారుమారు చేసుకొన్నారు. 'మన సంస్కృతిని వారు భద్రపరిచారు' అని మనవారు గర్వంగా అనే మాటలో సగమే సత్యం. ఆ మిగిలిన సగాన్ని ఈ స్తంభం చూపుతుంది.

ఇదే తీరాన 1904లో 'శ్రీ కుమల' అనే వర్తకనౌక దిబ్బకు తగిలి చితికిపోయింది. సరకు దోపిడీ అయిందని నౌక యజమాని ఆరోపించాడు. డచ్చి ప్రభుత్వం బాదుంగ్ రాజును నష్టపరిహారం కోరింది. నేరం తనవారిది కాదని రాజు నిరాకరించాడు. రెండేళ్ళ వివాదం తరువాత 1906 సెప్టెంబరులో డచ్చి సైన్యం సానూర్ ఇసుకపై దిగి, 20వ తేదీన దెన్‌పసార్ రాజభవనాన్ని సమీపించింది. అప్పుడు రాజు, పురోహితులు, అంతఃపురస్త్రీలు, శిశువులు శ్వేతవస్త్రాలు ధరించి తుపాకులకు ఎదురుగా నడిచి వచ్చారు. కొందరు గుండ్లకు, మరికొందరు తమవారి కృపాణాలకే ప్రాణాలర్పించారు. మృతులు కొన్ని వందలని కొందరు, వెయ్యి దాటారని కొందరు అంచనా వేశారు. దీనిని 'పుపుతాన్' అంటారు. 'పుపుత్' అనగా అంతం. 1908 ఏప్రిల్ 28న క్లుంగ్‌కుంగ్‌లో అదే పునరావృతమైంది, ద్వీపమంతా డచ్చి పాలనలోకి వచ్చింది.

ఐరోపాలో ఈ రక్తపాతానికి కలిగిన అపకీర్తి పర్యాటకానికి పరోక్షకారణమైంది. పాలకులు తమను ప్రాచీన సంస్కృతీ సంరక్షకులుగా చూపుకోదలచారు. 1924లో ఒక డచ్చి నౌకాసంస్థ ఉత్తర తీరంలోని సింగరాజకు వారం వారం యాత్రికులను తేవడం మొదలుపెట్టింది. 1928లో దెన్‌పసార్‌లో, ఆ రాజభవనం నేలకొరిగిన ప్రాంతంలోనే, వారి విలాసవంతమైన వసతిగృహం వెలిసింది. 'భూతలస్వర్గం' అనే బిరుదు ఆ సంధిలో ప్రచారమైనదే. ఆ ముందటి సంవత్సరమే, 1927లో, రవీంద్రనాథ ఠాకూర్, భాషాశాస్త్రవేత్త సునీతికుమార్ ఛటర్జీ బలిద్వీపంలో పర్యటించారు. స్వాతంత్ర్యానంతరం 1966లో సానూర్ తీరాన పది అంతస్తుల హోటలు లేచినప్పుడు స్థానికులు దాని ఎత్తు చూసి కలవరపడ్డారు. కొబ్బరిచెట్టును మించి, అనగా 15 మీటర్లకు మించి, కట్టరాదన్న నియమం ఆ తరువాతిదే. 2022లో ఆ సానూరే వైద్యపర్యాటకానికి ప్రత్యేక ఆర్థిక మండలమైంది. ఇన్ని పొరలున్న ఇసుకపై కేవలం సూర్యోదయం చూసి తిరిగి రావడం న్యాయం కాదు.

రెండవ దినం ఉత్తరాభిముఖంగా పకెరిసాన్ నదీలోయకు. తీర్థ ఎంపుల్ అక్కడిది. మయదానవుడు విషజలంతో దేవసేనను మూర్ఛపుచ్చగా ఇంద్రుడు భూమిని భేదించి అమృతజలాన్ని ఉబికించాడని స్థలపురాణం. పదవ శతాబ్దిలో వర్మదేవ వంశీయుల కాలాన ఈ ఊటకు కట్టుదిట్టమైన కోనేరు ఏర్పడింది. నడుము లోతు నీటిలో వరుసగా ధారల క్రింద శిరస్సు వంచి చేసే శుద్ధిస్నానాన్ని 'మెలుకాత్' అంటారు. మన యాత్రికులు ఇక్కడ జాగరూకులై ఉండాలి. అన్ని ధారలూ అందరికీ కావు. కొన్ని మృతుల కర్మకు మాత్రమే ఉద్దిష్టమైనవి. నడుముకు వస్త్రం, దానిపై కటిబంధం విధిగా ధరించాలి. రజస్వలలకు ప్రవేశం లేదు, ఇంట మరణాశౌచం ఉన్నవారికీ లేదు. నైవేద్యం సమర్పించి సంకల్పం చెప్పుకొనకుండా నీటిలో దిగితే అది ఉత్త స్నానం. ఛాయాచిత్రం కోసం ధారను ఆక్రమించి నిలబడితే వెనుక ఎదురుచూసే స్థానిక గృహస్థు ఏమీ అనడు. అతని మౌనాన్ని అనుమతిగా భావించరాదు.

అదే లోయలో కొంత దిగువన గునుంగ్ కావి. పదకొండవ శతాబ్దిలో కొండకోనను తొలిచి, సుమారు ఏడు మీటర్ల ఎత్తున పది ఆలయరూపాలను చెక్కారు. వీటిని ఉదయనరాజు కుటుంబానికి, ముఖ్యంగా కనిష్ఠపుత్రుడు అనక్ వుంగ్సు కాలానికి ముడిపెడతారు. ఉదయనుని జ్యేష్ఠుడు ఐర్లంగుడు జావాకు వెళ్ళి చక్రవర్తియైనాడు. మెట్లు వందలలో ఉన్నాయి. వృద్ధులతో వెళ్ళేవారు దీనికి ప్రాతఃకాలమే ఎంచుకోవాలి.

మూడవ దినం వరిపొలాలకు. జతిలువిః మడులు చిత్రాలలో అందరూ చూసినవే. వాటి వెనుక ఉన్న 'సుబక్' అనే నీటిసంఘం కంటికి కనిపించదు. పదకొండవ శతాబ్ది నుండి శాసనాధారాలున్న ఈ సంఘంలో ఒక్కొక్క కాలువ తలభాగాన ఒక దేవాలయం ఉంటుంది. ఏ మడికి ఎప్పుడు నీరు, ఎప్పుడు విరామం అన్నది ఆలయసభలో తేలుతుంది. అన్నిటికీ పైన బాతూర్ సరోవరదేవి ఆలయం. నీరటికాడు వంతులవారీగా తూము విప్పే గొలుసుకట్టు చెరువులు ఎరిగిన తెలంగాణ రైతుకు ఇది వివరించనక్కరలేదు. 1970ల హరితవిప్లవకాలంలో నిపుణులు ఈ పద్ధతిని మతాచారమని త్రోసిపుచ్చి, ఏడాది పొడవునా నాట్లు వేయమన్నారు. ఫలితం సుడిదోమ. ఒకేసారి పొలాలన్నీ ఎండగట్టే ఆలయవిరామం వల్లనే పురుగు ఆహారం లేక నశించేదని అప్పుడు బోధపడింది. స్టీఫెన్ లాన్సింగ్ అనే మానవశాస్త్రవేత్త దీనిని విస్తరంగా నిరూపించాడు. 2012లో సుబక్ వ్యవస్థకు యునెస్కో ప్రపంచవారసత్వ గుర్తింపు లభించింది. ఇదే సందర్భంలో నేడు ప్రతి హోటలు గోడమీదా కనిపించే 'త్రిహితకరణ' అన్న మాట గురించి ఒక ముక్క. దైవంతో, మనుష్యులతో, ప్రకృతితో సామరస్యమనే ఆ భావం ప్రాచీనం. ఆ నామం మాత్రం 1966లో బలిద్వీప పండితులు కూర్చినది. ఇందులో తప్పేమీ లేదు. ఏకేశ్వరవాదాన్ని గుర్తింపుకు షరతు చేసిన కొత్త రాజ్యంలో వారు తమ ధర్మాన్ని పదాలలో నిర్వచించుకోవలసి వచ్చింది. 1958లో అధ్యక్షుడు సుకర్ణోకు విన్నపం, 1959లో పరిషద్ స్థాపన ఆ పోరాటంలోని మెట్లే.

ఇక ఆరోగ్యం మాట. బలి వైద్యానికి 'ఉసద' అని పేరు, ఔషధ శబ్దభవం. తాళపత్రాలలో నిక్షిప్తమైన ఈ విద్యలో 'తరు ప్రమాణ' అనే గ్రంథం వృక్షాల గుణాలకు ప్రసిద్ధం. 1928లో సింగరాజలో నెలకొన్న గెదోంగ్ కీర్త్య గ్రంథాలయం ఇటువంటి తాళపత్రాలకు నిలయం. విశ్రాంతిగృహాలలో అధికమూల్యానికి పూసే 'బోరేహ్' లేపనం నిజానికి బురదమడిలో చలికి బిగిసిన రైతు కాళ్ళకు పూసుకొన్న లవంగ, శొంఠి ముద్ద. దానిని పూయించుకోవడం దోషం కాదు. అయితే ప్రైవేటు జలాశయం ఉన్న విడిదిని ఎంచుకొనే ముందు ఆ నీరు ఎక్కడిదో ఆలోచించవలసి ఉంటుంది. దక్షిణబలిలో భూగర్భజలం తగ్గుతోంది, తీరప్రాంతపు బావులలో ఉప్పు చేరుతోంది, పొలాలు విడిదులుగా మారుతున్నాయి. ఊటనే దైవంగా కొలిచే ద్వీపంలో ఊట అడుగంటడానికి మనం భాగస్వాములమవుతున్నామా అన్నది మన ప్రణాళికలో తప్పించుకోలేని ప్రశ్న. గ్రామంలోని గృహస్థుల ఇంట అద్దెగది నాకు ఉత్తమమనిపిస్తుంది. 2024 ఫిబ్రవరి 14 నుండి విదేశీయులపై విధిస్తున్న లక్షా యాభైవేల రూపియాల సుంకాన్ని సంస్కృతి, పర్యావరణ పరిరక్షణకే ఉద్దేశించారు. దానిని ముందుగానే చెల్లించి వెళ్ళడం మేలు.

తేదీ నిర్ణయించే ముందు వారి పంచాంగం చూడాలి. వారికి రెండు కాలగణనలున్నాయి. ఒకటి 210 దినాల 'పవుకోన్'. గలుంగాన్ పండుగ దానిననుసరించి వస్తుంది, ఆ రోజులలో వీధులన్నీ వెదురు తోరణాలే. రెండవది మనదే, శాలివాహన శకం. చైత్రారంభంలో మనకు ఉగాది అయితే వారికి 'న్యెపి'. అధికమాసాల భేదం వల్ల కొన్నిసార్లు నెల అంతరం వస్తుంది. 2024లో న్యెపి మార్చి 11న, ఉగాది ఏప్రిల్ 9న వచ్చాయి. 2026లో రెండూ మార్చి 19నే, రెండుచోట్లా శకవర్షం 1948. మనం షడ్రుచులతో ఆరంభించే సంవత్సరాన్ని వారు నిప్పు లేక, పని లేక, ప్రయాణం లేక, వినోదం లేక ఆరంభిస్తారు. ఆ ఇరవై నాలుగు గంటలు విమానాశ్రయం కూడ మూతపడుతుంది, హోటలు వాకిలి దాటి అతిథులెవ్వరూ బయటికి రారాదు, రాత్రి ద్వీపమంతా దీపాలు ఆర్పుతారు. ఆ దినం కలిసివచ్చేటట్లు ప్రయాణం కుదిరితే ఒక రోజు వ్యర్థమయిందని విచారించేవారు ఉంటారు. నేనైతే ఆ దినం కోసమే తక్కిన మూడూ ఏర్పరచుకొంటాను.