టాపెట్

పాత బుల్లెట్ ఇంజన్ టకటకలాడితే భిలాయ్ క్యాంప్ 1లోనైనా, విజయనగరంలోనైనా మెకానిక్ అనేది ఒకటే: "టాపెట్లు లూజయ్యాయి." ఉత్తరాంధ్ర వాళ్లకి ఈ మాట వినగానే తప్పెటగుళ్లు గుర్తుకు రావచ్చు. రెండిట్లోనూ దెబ్బ ఉంది గానీ చుట్టరికం లేదు. ఇంగ్లిష్‌లో తట్టడాన్ని ట్యాప్ అంటారు, తట్టే చిన్న ముక్క టాపెట్. మోటారు బండికంటే పాత మాట ఇది; మరమగ్గాల్లోనూ టాపెట్లున్నాయి.

బుల్లెట్‌లో కామ్‌కీ పుష్‌రాడ్‌కీ నడుమ ఉండేదే అసలు టాపెట్. స్ప్లెండర్‌లో పుష్‌రాడ్లే లేవు, రాకర్ ఆర్మ్ స్క్రూ తిప్పుతాం. అయినా అదీ టాపెట్ సెట్టింగే! ఈ వాడుకను తప్పనడం నాకు ఇష్టం లేదు. పనిచేసే చేతులు పేరును పనికి పెట్టుకున్నాయి, భాగానికి కాదు.

ఈ సెట్టింగ్ ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇంజన్ పూర్తిగా చల్లారాలి, పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్ చివర పైకి రావాలి. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి ఫీలర్ గేజ్ కూడా అక్కర్లేదు: కుడివైపు మూత విప్పి, పుష్‌రాడ్ వేళ్లతో తేలిగ్గా తిరిగేలా, పైకీ కిందికీ మాత్రం ఆడకుండా బిగించాలి. మరీ బిగిస్తే చప్పుడు పోతుంది, కానీ వాల్వ్ సీటు మీద పూర్తిగా కూర్చోక కాలిపోతుంది.