జీర్ణవస్తువులను, కాలము చెల్లిన అభిరుచులను సూచించు ఆంగ్ల వాడుక మాటలు

వన్నె తగ్గి చివికిపోయిన వస్తువులను, వాడుక తప్పిన వేషభాషలను, చౌకబారు ఆడంబరమును పేర్కొనుటకు ఆంగ్లభాషయందు షాబీ, స్క్రఫీ, టాడ్రీ, షాడీ, టాకీ, డౌడీ, ఫస్టీ, కార్నీ, చీజీ, నాఫ్, గ్రాటీ మొదలగు మాటలు పెక్కు కలవు. వీనిలో షాబీ, షాడీ, టాడ్రీ వంటివి నేడు గ్రంథభాషయందును స్థానము సంపాదించుకొన్నవి. తక్కినవానిలో కొన్ని నేటికిని ఎక్కువగా సంభాషణలలోనే వినబడుచున్నవి. ఇవి వస్తువుల స్థితిని మాత్రమే తెలుపుచున్నట్లు కనబడును. కాని వీని చరిత్రను శోధించినచో, ఆ వస్తువులను ధరించినట్టియు, అమ్మినట్టియు, మెచ్చినట్టియు జనులమీద, అనగా బీదలమీద, పల్లెవాసులమీద, స్త్రీలమీద, వృద్ధులమీద, ఇతరులు వెలువరించిన తీర్పులుగానే వీనిలో పెక్కింటి అర్థములు స్థిరపడినట్లు తేటపడుచున్నది.

ఒక వర్గపు మాటలు చర్మరోగములనుండి పుట్టినవి. పదునేడవ శతాబ్ది ఉత్తరార్ధమున వాడుకలోనికి వచ్చిన షాబీ అను మాటకు మూలమైన పురాతనాంగ్ల శబ్దమునకు పుండుమీద కట్టిన పక్కు అని అర్థము. స్క్రఫీ అనునది చుండ్రును తెలుపు శబ్దమునుండియు, మేంజీ అనునది పశువులకును కుక్కలకును సోకు గజ్జి పేరునుండియు వెలువడినవి. దేహమునకు పట్టిన వ్యాధి పేరు వస్త్రమునకు అంటుకొనుటయు, వస్త్రమునుండి మరల మనిషి శీలమునకు ప్రాకుటయు ఈ మాటలన్నింటను కానవచ్చుచున్నది. నీచముగా ప్రవర్తించినవాని నడవడినికూడ ఆంగ్లేయులు షాబీ అనియే యందురు. పదునెనిమిదవ శతాబ్ది నడుమ దీనికి జెంటీల్ అను మాట తోడై, ఆస్తి పోయినను మర్యాద విడువజాలని మనుష్యుని తెలుపు ఒక జంటపదము ఏర్పడినది. ఆంగ్ల నవలాకారుడైన థాకరే 1840లో ఒక కథకు ఈ పదమునే పేరుగా నుంచెను. అంతకుముందే డికెన్సు తన తొలి రచనల సంపుటమున (1836) ఇట్టి వారినిగూర్చి ఒక వ్యాసము వ్రాసి, చివికిన నల్లదుస్తులకు రంగుద్రావకము పూసికొని కొన్నాళ్లు తలయెత్తి తిరిగి, వారము దినములు విడువక పట్టిన ముసురులో ఆ రంగంతయు కొట్టుకొనిపోగా మునుపటి స్థితికే దిగజారిన ఒక మనిషిని చిత్రించెను. ఆ జంటపదమునందు గల జాలియు నిందయు ఎంత విడదీయరానివో తెలియగోరువారికి ఆ వ్యాసమును మించిన వ్యాఖ్యానము లేదు.

టాడ్రీ చరిత్ర వీనిలోకెల్ల విచిత్రమైనది. ఏడవ శతాబ్దియందు తూర్పు ఇంగ్లండులోని ఈలీ అను చోట 673లో మఠమును స్థాపించి, 679లో మరణించిన ఎథెల్‌డ్రెడా అను రాజపుత్రిని జనులు సెయింట్ ఆడ్రీ యని కొలిచిరి. ఆమె కంఠమున గడ్డ లేచి మరణించెననియు, బాల్యమున కంఠహారములు ధరించిన దోషమునకు అది ఫలమని ఆమె తానే భావించెననియు చరిత్రకారుడైన బీడు వ్రాసియున్నాడు. ఆమె పేర ఈలీలో జరుగు సంతయందు మెడకు కట్టుకొను పట్టు పట్టీలు అమ్ముచుండిరి. సెయింట్ అను మాట చివరి టకారము ఆడ్రీతో కలిసి, ఆ పట్టీలకు టాడ్రీ అను పేరు వచ్చినది. షేక్స్పియరు రచించిన ‘ది వింటర్స్ టేల్’ నాటకమున ఒక పల్లెపడుచు తనకు ప్రియుడు కొని యిత్తునన్న టాడ్రీ పట్టీని అడుగుచున్నది. అప్పటికి ఆ మాటయందు తిరస్కారము లేదు. పదునేడవ శతాబ్ది గడచునప్పటికి మాత్రము అది, పైకి మెఱుగేగాని లోన విలువలేని వస్తువులకెల్ల నామమైనది. హారముల మోజును పాపముగా నెంచిన తపస్విని పేరు చౌకబారు సొగసులకు చిహ్నమగుట దుఃఖింపదగినదే. అయినను, ఆ పట్టీలను కొని మురిసిన గ్రామీణ యువతులు పొందిన ఆనందము చౌకబారుదని నిర్ణయించినవారు వారు కారు.

షాడీ అను మాట, మొదట ఒక పరిశ్రమ పేరు. యార్కుషైరు ప్రాంతములోని బాట్లీ పట్టణమున బెంజమిన్ లా అను నాతడు 1813లో, పాత ఉన్నిగుడ్డలను చీల్చి పీచుగా మార్చి, కొత్త ఉన్నితో కలిపి మరల నూలు వడికి బట్ట నేయు విధానమును కనిపెట్టెను. పండ్లుగల చక్రముతో గుడ్డలను చీల్చు యంత్రమును కార్మికులు దయ్యమని పిలుచుచుండిరి. ఇట్లు తయారైన ఉన్నియే షాడీ. కొత్త ఉన్నిబట్ట కొనజాలని శ్రమజీవులకు చలికాలమున వెచ్చని దుస్తు నిచ్చిన ఈ సరకు నిందింపదగినది కాదు. దానికి అపకీర్తి అమెరికాలో కలిగినది. 1861లో అంతర్యుద్ధము ఆరంభము కాగా, ఉత్తరాది సైన్యములకు దుస్తులు సరఫరాచేసిన గుత్తేదారులు కొందఱు నాసిరకపు షాడీతో వానిని కుట్టించి పంపిరి. అవి వర్షమునకును నడకకును ఆగలేక చీలికలు పేలికలైనవి. పత్రికలు ఆగ్రహించినవి. యుద్ధమున ధనము గడించిన నూతన సంపన్నులకే షాడీవారను పేరు వచ్చి, ఆ పిమ్మట అశ్రద్ధతో చేసిన పనియంతయు షాడీ యైనది. మోసము చేసినది వ్యాపారులు, పేరు చెడినది పీచు. ఈ పరిశ్రమకు నేడు హర్యానాలోని పానిపట్టు ముఖ్యకేంద్రము. లోకము నలుమూలలనుండి వచ్చిన పాత ఉన్నిదుస్తులు అచట కంబళ్లుగా మారి, భూకంపములు, వరదలు సంభవించినపుడు నిరాశ్రయులకు చేరుచున్నవి.

అమెరికా దక్షిణ రాష్ట్రములలో 1800 ప్రాంతమున టాకీ యనగా బక్కచిక్కిన గుఱ్ఱము. అది పిదప బీద శ్వేతజాతి రైతులకు, ఆ పైన వారి దుస్తులకు, తుదకు అభిరుచిలేని వస్తువుకెల్ల అన్వయించినది. డౌడీ పదునాఱవ శతాబ్దినుండియు సొగసులేని దుస్తులు ధరించు స్త్రీని నిందించు మాట. ఫస్టీ యనగా మొదట పీపా కొయ్య వాసన పట్టిన ద్రాక్షాసవము. ఇపుడది మూసిన గదులకును, మారని మనస్సులకును చెల్లుచున్నది. 1930 తరువాతి దశాబ్దమున జాజ్ వాద్యకారులు, మొక్కజొన్న తిని పెరిగిన పల్లెటూరివారికి నచ్చు పాతబాణీ అని ఎగతాళి చేయుచు కార్నీ అను మాటను వ్యాపింపజేసిరి.

చీజీ అను మాటకు మన దేశముతో సంబంధము కలదు. పందొమ్మిదవ శతాబ్ది ఆంగ్లేయుల వాడుకలో మేలైన వస్తువును చీజ్ అనుట పరిపాటి. 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు, హైదరాబాదు పలుకుబడి తెలిసిన తెలుగువారికిని పరిచితమైన, వస్తువు అను అర్థముగల చీజ్ అను పారసీక శబ్దమే దీనికి మూలమై యుండునని పేర్కొన్నది. మెప్పుగా పుట్టిన ఆ వాడుకనుండి మొదట సొగసైన అను అర్థమున చీజీ ఏర్పడి, ఆ శతాబ్ది ముగియునప్పటికి వ్యంగ్యప్రయోగముల వలన కాబోలు, అర్థము తలక్రిందులై నాసిరకమునకు పేరైనది.

నాఫ్ అను మాట 1960 తరువాత ఇంగ్లండున ప్రబలినది. దాని వ్యుత్పత్తినిగూర్చి చెప్పబడు కథలలో ఏదియు నిశ్చయముగా రుజువైనది కాదు. గ్రాటీ చరిత్ర మాత్రము స్పష్టము. గ్రోటెస్క్ అను మాటను కుదించగా ఏర్పడిన ఈ రూపమును 1964లో బీటిల్సు అను గాయకబృందము నటించిన ‘ఎ హార్డ్ డేస్ నైట్’ చలనచిత్రము దేశమంతట వ్యాపింపజేసినది. అందొక సన్నివేశమున, యువజనుల అభిరుచిని తానే నిర్ణయింపగలనని నమ్మిన వ్యాపారి యొకడు, విపణిలోనికి రానున్న కొత్త చొక్కాలను ఆ బృందములోని జార్జి హారిసన్ ముందుంచి మెప్పుమాట పలుకుమనును. అవి గ్రాటీగా ఉన్నవనియు, తాను తొడుగుకొననియు ఆ లివర్‌పూల్ కుఱ్ఱవాడు మొగముమీదనే చెప్పివేయును.