పొట్టిక్కలు: కోనసీమ రోడ్డు పక్క హోటళ్లలో పనసాకు బుట్టల టిఫిన్

కోనసీమ అనగానే కొబ్బరి, పులస, ఆత్రేయపురం పూతరేకులు గుర్తొస్తాయి. కానీ పొద్దున్నే అమలాపురం, అంబాజీపేట, కొత్తపేట వైపు వెళ్లేవారికి రోడ్డు పక్క చిన్న హోటళ్లలో ఇంకో వంటకం కనిపిస్తుంది. ఆకులతో కుట్టిన చిన్న బుట్ట, అందులో పొంగిన తెల్లటి ఇడ్లీ. దీన్నే పొట్టిక్క అంటారు. పొట్టెక్క అనేవాళ్లూ ఉన్నారు. మొదటిసారి చూసినవాళ్లకు ఇదేదో స్వీటు అనిపిస్తుంది. నిజానికి ఇది మన ఇంట్లో చేసే ఇడ్లీ పిండే. తేడా అంతా బుట్టలోనే ఉంది.

ఎందుకు ఇక్కడే?

గౌతమి, వశిష్ఠ పాయలకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న నేల కోనసీమ. 2022 ఏప్రిల్‌లో అమలాపురం కేంద్రంగా ఇది జిల్లా అయింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాలో వరి స్థిరపడింది. వరి కోసిన మళ్లలో మినుము వేస్తారు. గట్ల మీద, పెరళ్లలో కొబ్బరి, పనస చెట్లు పెరుగుతాయి. ఇప్పుడు పొట్టిక్కకు ఏం కావాలో చూడండి: బియ్యపు రవ్వ, మినప్పప్పు, పనస ఆకులు, వాటిని కుట్టడానికి కొబ్బరి ఈనెలు, నంజుకోవడానికి కొబ్బరి చట్నీ. అన్నీ ఆ ఊరి పొలంలో, పెరట్లో దొరికేవే. పనసకాయకు సీజన్ ఉంటుంది గానీ ఆకు ఏడాది పొడవునా ఉంటుంది. అందుకే పొట్టిక్కకు సీజన్ లేదు.

బుట్ట ఎలా కుడతారు?

ఒక్కో బుట్టకు నాలుగు ఆకులు కావాలి. లేత ఆకు చిరిగిపోతుంది, పండిన ఆకు విరిగిపోతుంది. దళసరిగా, ముదురు పచ్చగా ఉన్నవి ఏరుకోవాలి. పనస ఆకు కోస్తే తొడిమ దగ్గర పాలు కారతాయి కాబట్టి కడిగి, గుడ్డతో తుడుస్తారు. నాలుగు ఆకులనూ కూడిక గుర్తులా పరచి మధ్యలో ఈనెతో కుడతారు. తర్వాత పక్కపక్క ఆకుల అంచులు పైకెత్తి, ఒకదానితో ఒకటి కలిపి ఈనె ముక్కలు గుచ్చితే గిన్నెలా నిలబడుతుంది. అలవాటైన చేతికి ఇది క్షణాల్లో పని. కొత్తవారికి మొదటి రెండు మూడు బుట్టలు పిండి కారిపోతాయి, కంగారు పడక్కర్లేదు.

పిండి, ఉడకడం

ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. పప్పు నాలుగు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బాలి. కడిగి పిండిన రవ్వ కలిపి రాత్రంతా పులియనివ్వాలి. పొద్దున ఉప్పు కలిపి, బుట్టలో ముప్పావు వంతు వరకే పొయ్యాలి, ఎందుకంటే ఉడికేటప్పుడు పొంగుతుంది. ఇడ్లీ పాత్రలో రేకులు తీసేసి, చిల్లుల పళ్లెం మీద బుట్టలు నిలబెట్టి మూత పెట్టాలి. ఇడ్లీ కంటే మందంగా ఉంటుంది కాబట్టి ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. పుల్ల గుచ్చి చూస్తే పిండి అంటకూడదు.

ఆవిరికి ఆకు వాసన పిండిలోకి దిగుతుంది. ఆకు తగిలిన చోట ఇడ్లీ కొంచెం గట్టిపడి ఈనెల గీతలు పడతాయి. లోపల మాత్రం దూదిలా ఉంటుంది. ఆకు తినేది కాదు, ఒలిచి పక్కన పెట్టాలి. పిల్లలకు పెట్టే ముందు ఈనె ముక్కలన్నీ తీసేశారో లేదో పెద్దవాళ్లు తప్పక చూడాలి.

మన కుటుంబాలకు

ప్రయాణంలో మనకు ముందు వచ్చే ప్రశ్న హలాల్ గురించే. కొత్త ఊళ్లో మాంసం ఎక్కడిదో తెలియక చాలామంది బిస్కెట్లు, అరటిపళ్లతో సరిపెట్టుకుంటారు. పొట్టిక్కలో మాంసం గానీ, జంతు కొవ్వు గానీ ఉండదు. కావాలంటే పైన నెయ్యి వేస్తారు, అంతే. హోటల్లో నాన్‌వెజ్ కూడా వండుతుంటే గిన్నెలు, గరిటెలు వేరేనా అని ఒక మాట అడగండి, చెబుతారు.

హోటళ్లలో కొబ్బరి చట్నీ, అల్లం పచ్చడి, కారప్పొడి ఇస్తారు. ఇంట్లో చేసుకుంటే దాల్చాతో గానీ కీమాతో గానీ బాగుంటుంది. రంజాన్‌లో రాత్రే బుట్టలు కుట్టి పెట్టుకుంటే సహరీకి పిండి పోసి ఉడికించుకోవడమే. నూనె లేని తిండి, దాహం పెద్దగా వెయ్యదు.

ఇది టిఫిన్ సరుకు, పొద్దున్నే వెళ్లాలి. అమలాపురానికి రైలు లేదు. రాజమహేంద్రవరంలో దిగితే బస్సులో రావులపాలెం, కొత్తపేట మీదుగా రావచ్చు. అమలాపురం నుంచి పి.గన్నవరం వెళ్లే దారిలో కొబ్బరి మార్కెట్‌కు పేరున్న అంబాజీపేట వస్తుంది.

ఒక్క కోనసీమదేనా?

కాదు. పనస చెట్టు ఉన్న పడమటి తీరంలోనూ ఇలాంటిదే ఉంది. మంగళూరు, ఉడుపి వైపు కొంకణీవారు పనసాకు బుట్టలో వండేదాన్ని ఖొట్టో అంటారు. మొగలి ఆకు గొట్టంలో వండితే అక్కడ మూడె అంటారు. పిండి ఒకటే, చెట్టును బట్టి గిన్నె మారుతుంది.

నిలబడాలంటే

ఇడ్లీ రేకులో ఒకేసారి పదహారు, ఇరవై ఇడ్లీలు దిగుతాయి. గ్రైండరు పిండి రుబ్బుతుంది, గ్యాసు వండుతుంది. బుట్ట మాత్రం ఒక్కొక్కటీ చేత్తో కుట్టాల్సిందే, అదీ ఒక్కసారి వాడి పారేసేదానికి. పైగా పెరట్లో పనస చెట్టు కొట్టేస్తే ఆకు కోసం బయట వెతుక్కోవాలి. కాబట్టి ఇడ్లీ కంటే పొట్టిక్కకు రెండు రూపాయలు ఎక్కువ అడిగితే అది పిండి ధర కాదు, కుట్టినవాళ్ల కూలి. బేరం ఆడకుండా ఇవ్వడం న్యాయం. అటు వెళ్తే పిల్లలకు తినిపించండి, వీలైతే ఒక ఖాళీ బుట్ట అడిగి ఇంటికి తెచ్చుకోండి. విప్పి చూస్తే కుట్టడం ఎలాగో దానంతట అదే అర్థమవుతుంది.