ప్రజారోగ్య చట్టము - పల్లెటూరి పెద్దలు



వైద్యమును గూర్చి యొక క్రొత్త చట్టము రానున్నదని వినినతోడనే మన రచ్చబండలమీద బుట్టు ప్రశ్న యొక్కటే: “దీనివలన మనకేమి యిత్తురు?” 1939లో మన తాతలు వేరొక ప్రశ్న గూడ వేసికొనవలసి వచ్చెను: “మనయొద్ద నేమి కోరుదురు?” ఆ కథయే నేడు మనవి చేయుచున్నాను.

1921 నుండి చెన్నరాజధానిలో వైద్యారోగ్యశాఖలు దేశీయ మంత్రుల చేతికి వచ్చెను. పానగల్లు రాజా రామారాయణింగారి యేలుబడిలో, 1924లో, పల్లెలలో కాపురముండు వైద్యులకు సర్కారు భృతి యిచ్చు పద్ధతి యేర్పడెను. అంతకు ముందటి యేడు ఉస్మాను సంఘమువారు దేశీయ వైద్యములను సమర్థించుచు నివేదిక నొసగిరి. సంస్కృతము చదివిన నాబోటివానికి అది ప్రీతికరమే; కాని ప్రీతిచేత బావినీరు శుద్ధి కాదు గదా!

నీటి సంగతి 1939 మూడవ చట్టములో వచ్చెను. అదియే మద్రాసు ప్రజారోగ్య చట్టము. రాజగోపాలాచారిగారి మంత్రివర్గములో ఆరోగ్యశాఖను జూచిన డాక్టరు రాజన్‌గారి కాలమున బుట్టినది. మనదేశమున ఇట్టి సమగ్రమైన చట్టములలో ఇదియే మొదటిది. త్రాగునీరు, మురుగు, దోమలు, తిరునాళ్ళు, ప్రసూతి, శిశుపోషణము, అన్నియు నందు గలవు. పురపాలక సంఘము తన యాదాయములో నూటికి 30 వంతులు, జిల్లాబోర్డు పండ్రెండున్నర వంతులు, ఆరోగ్యమునకై ప్రత్యేకింపవలెనని గూడ శాసించెను.

కష్టమంతయు అంటువ్యాధుల ప్రకరణములో నుండెను. ఇంట కలరాగాని మశూచిగాని పుట్టినచో వైద్యుడే కాదు, ఇంటి యజమాని సైతము అధికారులకు దెలుపవలెను. అవసరమైన రోగిని ఆసుపత్రికి దరలింపవచ్చును. ఇది ఊరికి రక్ష. కాని అమ్మవారు పోసినదని వేపమండలు గట్టి, బిడ్డను లోపల బెట్టుకొని కూర్చున్న తల్లికి అది రక్షగా దోచునా? బిడ్డను గొంపోవుదురను భయమే దోచును. వ్యాధిని దాచిన యింటినుండి అది పొరుగింటికి బోవును. కనుక ఆ నిబంధన యొక్క సాఫల్యము జరిమానాపై గాక, దానిని చదివి చెప్పగల పెద్దమనిషిపై నాధారపడియుండెను. చట్టము చేసినవారు చెప్పువారిని గూర్చి చాలినంత యాలోచింపలేదని నా యభిప్రాయము. పైగా ఆ మంత్రివర్గము 1939 అక్టోబరులోనే రాజీనామా చేసెను, యుద్ధము వచ్చిపడెను.

మన తిరువూరు ప్రాంతమునకు వేరొక చిక్కు. ఇటు మద్రాసు చట్టము. పొలిమేర దాటి మధిర వైపు బోయిన నైజాము రాజ్యము. మశూచికి పొలిమేర తెలియదు, చట్టమునకు దెలియును.

1943లో నియమింపబడిన భోరు సంఘమువారు 1946లో నాలుగు సంపుటముల నివేదిక యిచ్చిరి. సొమ్ము లేనికారణమున నెవ్వనికిని వైద్యము తప్పరాదనుట దాని సారము. ముందుగా నలుబదివేల జనమునకొక ప్రాథమిక ఆరోగ్యకేంద్ర ముండవలెననిరి. 1952 నుండి అట్టి కేంద్రములు వెలసినవి. మద్రాసు చట్టము మన రాష్ట్రములో ఆంధ్రప్రాంతపు ప్రజారోగ్య చట్టమను పేర నిలిచెను. జిల్లాబోర్డులు మాత్రము 1959 చట్టముతో జిల్లాపరిషత్తులకు దావిచ్చినవి.

2007లో మహబూబునగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వేరు జాతిది. అది శాసనసభ చేసిన చట్టము గాదు, సర్కారు ఉత్తరువుచే నడచిన పథకము. పెద్దజబ్బునకు ఆసుపత్రి ఖర్చు నిచ్చును. మురుగుకాలువ జోలికి బోదు. పథకమును ఉత్తరువుతో మార్పవచ్చును, చట్టమును మార్చుటకు సభ కూడవలెను. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మట ఇటొక పథకము, అటొక పథకము. పేర్లు గూడ మారుచు వచ్చినవి.

కాగితము దెచ్చి చదివి చెప్పుమను పెద్దలను నేను ముందుగా నడుగునది ఇదియే: ఇది చట్టమా, పథకమా? పిదప, సొమ్ము నెవరు ప్రత్యేకింపవలెనో, ఎన్ని వంతులో, ఆ పంక్తి యెచ్చట నున్నదో వెదకుదుము. ఒక్కొక్కసారి ఆ పంక్తి కాగితములో నుండనే యుండదు.