అయిదు రూపాయల అప్పు

1879 మార్చిలో రంప కొండల్లో తిరుగుబాటు ఎందుకు మొదలైందంటే మన్సబుదారు దోపిడీ, కల్లు మీద చిగురు పన్ను, పోలీసుల జులుం అని చెప్పుకుంటాం. తమ్మన్నదొరను తలుచుకుంటాం. అంతగా చెప్పుకోని కారణం మరొకటి ఉంది. అది అప్పు.

మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు మన పెద్దలకు చిన్న చిన్న అప్పులిచ్చి, వాళ్లకు అర్థంకాని షరతులతో కాగితాలు రాయించుకున్నారు. తర్వాత దిగువ కోర్టుల్లో దావాలు వేశారు. మనవాళ్లు హాజరు కాలేదు కాబట్టి వ్యాపారి మాట ఒక్కటే విని ఎక్స్‌పార్టీ డిక్రీలు ఇచ్చారు. ఆ డిక్రీలతో వచ్చి పశువులను, పంటను జప్తు చేశారు. అయిదు రూపాయల బాకీకి వంద రూపాయల విలువైన పశువులు, పంట తోలుకుపోయారన్నది అప్పటి ఫిర్యాదుల్లో ఒకటి.

తిరుగుబాటును అణచివేశారు. ఏజెన్సీ కోసం 1917లో వచ్చిన చట్టం గిరిజనుల అప్పుపై వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదనీ, మొత్తం వడ్డీ అసలును మించకూడదనీ చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారానికి లైసెన్సు ఉండాలని 1960లో మరో రెగ్యులేషన్ వచ్చింది. అయినా లెక్క పుస్తకం షావుకారు దగ్గర, వేలిముద్ర మన దగ్గర ఉన్నంతకాలం చట్టం గూడెం దాకా రాలేదు.

ఇప్పుడు షావుకారు స్థానంలో ఫోన్ యాప్‌లు, ఫైనాన్స్ కంపెనీల రికవరీ ఏజెంట్లు వచ్చారు. మా హాస్టల్‌కు పిల్లలను చూడటానికి వచ్చే తల్లిదండ్రులు సంచిలోంచి నోటీసు తీసి చదివి పెట్టమంటున్నారు. చాలామంది భయంతో దాన్ని చూరులో దోపి మర్చిపోతారు. 1879 నాటి నష్టం మొదలైంది సరిగ్గా అక్కడే.

తీసుకున్న అప్పు ఎగ్గొట్టమని మనం చెప్పడం లేదు. లెక్క అడగమంటున్నాం. అసలు ఎంత, కట్టింది ఎంత, వడ్డీ ఎంత అని రాతపూర్వకంగా అడగండి. ఏజెంటును అధికార పత్రం చూపమనండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వాళ్లు ఫోన్ చేయకూడదు. ఇంట్లో సామాను బలవంతంగా ఎత్తుకుపోయే హక్కు వాళ్లకు లేదు. కట్టిన ప్రతి రసీదూ దాచండి. కోర్టు సమను వస్తే తప్పక వెళ్లండి. 1987 న్యాయసేవల చట్టం కింద షెడ్యూల్డ్ తెగలవారికి ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

మన ఇళ్లలో చాలావాటిలో మొదట చదువుకున్నవాళ్లు మీరే. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు చూరులోని ఆ కాగితం తీసి, అమ్మానాన్నల పక్కన కూర్చొని చదివి వినిపించండి.