తోలు పుట్టి నుంచి ఫైబర్ దాకా: మన కృష్ణమ్మ మీద పడవల కథ

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ తమ్ముళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: చేపల వేటకు మంచి పడవ కొనాలంటే అల్యూమినియమా, ఫైబరా?

ముందు చరిత్ర చూద్దాం. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, తుంగభద్ర మీద తోలు కప్పిన బుట్ట పడవల గురించి రాశాడు. ఒక్కోదాంట్లో 15-20 మంది ఎక్కేవారట. అదే మన పుట్టి! తర్వాత తోలు పోయి తారు, ప్లాస్టిక్ పట్టాలు వచ్చాయి. ఇప్పుడు ఫైబర్ పుట్టీలూ ఉన్నాయి.

రాయి గట్టిగా తగిలితే ఫైబర్ పగులుతుంది, కానీ రెజిన్‌తో అతికించుకోవచ్చు. అల్యూమినియం సొట్టపడుతుంది; చిరిగితే వెల్డర్ కావాలి. అందుకే రాళ్ల రేవుకు నా ఓటు అల్యూమినియంకే.

కానీ 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర కిక్కిరిసిన పడవ మునిగి సుమారు 60 మంది పోయారు. ఏ పడవైనా మోయగలిగినంతే ఎక్కించండి. లైఫ్ జాకెట్ మరవకండి.