సివిల్ దావాలో రాజీ: సంతకానికి ముందు తెలుసుకోవలసినవి

స్థలం సరిహద్దు తగాదా అయినా, అన్నదమ్ముల ఆస్తి పంపకమైనా, బాకీ వసూలైనా, కోర్టుకెక్కిన సివిల్ దావా తీర్పుతోనే ముగియాలన్న నియమం లేదు. విచారణ మొదలు కాకముందే కాదు, ఆ తర్వాత ఏ దశలోనైనా ఇరుపక్షాలు రాజీ పడవచ్చు. దీనికి ఆధారం సివిల్ ప్రొసీజర్ కోడ్ (1908)లోని 23వ ఆర్డరు, 3వ రూలు.

1976 సవరణతో ఈ రూలు కఠినమైంది. ఒప్పందం లిఖితపూర్వకంగా ఉండాలి, దానిపై కక్షిదారుల సంతకాలు ఉండాలి. పెద్దమనుషుల సమక్షంలో కుదిరిన మాట ఎంత గట్టిదైనా, కాగితం మీదికి రాకపోతే ఈ రూలు కింద రాజీ డిక్రీ రాదు. అధికారం పొందిన న్యాయవాది కక్షిదారు తరఫున సంతకం చేయవచ్చని 1991లో బైరాం పెస్తోంజీ గారీవాలా కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది. వకాల్తా మీద చదవకుండా సంతకం పెట్టే అలవాటున్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

రాజీ పత్రం దాఖలు కాగానే న్యాయమూర్తి యాంత్రికంగా డిక్రీ ఇవ్వరు. ఒప్పందం చట్టబద్ధమైనదేనని సంతృప్తి చెందాలి. ఒక పక్షం రాజీ కుదిరిందని, రెండో పక్షం కుదరలేదని అంటే ఆ అంశాన్ని కోర్టే తేల్చాలి. మైనర్ల వాటా ఇమిడి ఉంటే, కోర్టు అనుమతి లేకుండా సంరక్షకులు రాజీ పడటానికి వీల్లేదు.

అసలు చిక్కు డిక్రీ వచ్చిన తర్వాతే. ఇరుపక్షాల సమ్మతితో వెలువడిన డిక్రీపై సెక్షన్ 96(3) ప్రకారం అప్పీలు లేదు. రాజీ చట్టబద్ధం కాదంటూ ఆ డిక్రీ రద్దుకు వేరే దావా వేయడాన్ని 3-ఎ రూలు నిషేధించింది. మోసం జరిగిందనుకునేవారు డిక్రీ ఇచ్చిన కోర్టునే ఆశ్రయించాలని 2006లో పుష్పాదేవి భగత్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే తొందరపాటు సంతకాన్ని సరిదిద్దుకునే దారి చాలా ఇరుకు.

దావాలో లేని స్థిరాస్తిని కూడా రాజీలో చేర్చవచ్చు. అయితే రూ.100, ఆపై విలువ గల అటువంటి ఆస్తిపై హక్కు కల్పించే డిక్రీకి సాధారణంగా రిజిస్ట్రేషన్ అవసరం. కుటుంబ పంపకాల్లో తరచూ విస్మరించేది ఇదే.

లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కూడా సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంది. దానిపైనా అప్పీలు లేదు. చెల్లించిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. సెక్షన్ 89 కింద మధ్యవర్తిత్వానికి పంపిన దావాలు పరిష్కారమైనప్పుడూ ఈ వెసులుబాటు ఉంటుంది. కోర్టు పంపకుండా ఇరుపక్షాలు తమంతట తామే రాజీ పడిన సందర్భానికీ ఇది వర్తిస్తుందని 2021లో మద్రాసు హైకోర్టుకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది.

అంగీకరించిన సొమ్మును ఎదుటిపక్షం చెల్లించకపోతే కొత్త దావా అక్కర్లేదు. 12 ఏళ్లలోపు అమలు పిటిషన్ వేస్తే చాలు. అందుకే చెల్లింపు తేదీలు, వాయిదాలు, తప్పితే వడ్డీ ఎంతో రాజీ పత్రంలోనే స్పష్టంగా రాయించుకోవాలి.